కోసేసిన గొట్టాలు

కొత్తగూడెం బస్టాండు బయట సైకిళ్లు బాగుచేసే అతను పోయిన నెల నన్ను గుర్తుపట్టి పలకరించాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మన బ్యారెల్ మేస్త్రీ పోయిండు గద టీచరమ్మా, తెల్వదా?" అన్నాడు. ఎప్పుడని అడిగాను. రెండేళ్లు దాటిందట. ఆ ముక్క చెప్పేసి, చేతిలో ఉన్న ట్యూబును నీళ్ల బేసిన్లో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసుకుంటున్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. రెండేళ్లా! ఒక కార్డు ముక్క రాసే దిక్కు లేకపోయిందా అనుకున్నాను. తర్వాత బస్సులో కూర్చుని ఆలోచిస్తే, ఎవరు రాస్తారు, ఎందుకు రాస్తారు? నేను ఆయనకు చుట్టాన్ని కాను. ఆయనకు చుట్టమని చెప్పుకునేవాళ్లను నేను చూడలేదు. అసలు పేరేమిటో కూడా నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆ సైకిలతనికీ తెలియదు.

ఆయన షెడ్డు టేకులపల్లి దాటాక అడవి వైపు తిరిగే దారి మీద ఉండేది. పైన రేకులు, చుట్టూ వెదురు తడికెలు, మధ్యలో ఇనుము చెక్కే ఒక పాత లేతు. బొగ్గు గనుల వర్క్‌షాపులో ఇరవై ఏళ్లు టర్నరుగా పనిచేసి, ఇంకా సర్వీసు ఉండగానే మానేసి ఇక్కడికి వచ్చాడు. ఎందుకు మానేశారని అడిగితే, ఆడ పని నడుస్తది గాని కరెక్టుగ నడువది అనేవాడు. ఆయన కోరుకున్న కరెక్టు ఎక్కడా నడవదని నాకు తర్వాత తెలిసింది.

ఆయన చేసేవి గాలి తుపాకుల గొట్టాలు. ఎనభైల మొదట్లో మా వైరా, మధిర వైపు రైతుల ఇళ్లలో గాలి తుపాకీ ఉండడం మామూలే. మామిడి తోటలో చిలకల్ని, మొక్కజొన్న మీద వాలే కాకుల్ని తోలడానికి కొనేవారు. నడుము దగ్గర మడిచి స్ప్రింగు బిగించి, పెసరగింజంత సీసపు గుండు పెట్టి కొట్టడమే. ఎవరి తుపాకీ గురి తప్పినా ముందు నలుగురు మెకానిక్కులకు చూపించి, చెడగొట్టించుకుని, చివరికి ఆయన దగ్గరికి తెచ్చేవారు. అడవి పక్కన ఒంటరిగా ఒకాయన తుపాకీ గొట్టాలు చేస్తున్నాడని ఎవరో చెబితే పోలీసులు కూడా ఒకసారి జీపులో వచ్చారట. అన్నీ తిరగేసి చూసి, నవ్వుకుని, వాళ్లలో ఒకాయన బావమరిది తుపాకీ బాగుచేయించుకుని పోయాడట. ఇది ఆయన చెప్పలేదు. పక్క గూడెం నుంచి తునికి పండ్లు తెచ్చి ఇచ్చే ఒకామె చెప్పింది. ఆమె కత్తులకు ఆయన పదును పెట్టి ఇచ్చేవాడు. ఇద్దరి మధ్యా మాటలు పెద్దగా ఉండేవి కావు.

మనిషి ముఖం చూసి మాట్లాడడం ఆయనకు రాదు. గొట్టంలోంచి చూస్తూ మాట్లాడేవాడు. ఒక కొస కంటికి పెట్టుకుని రెండో కొస తలుపు పై కమ్మీ వైపు తిప్పితే, ఆ కమ్మీ నీడ గొట్టం లోపల గీతలాగా పడుతుంది. గొట్టం తిన్నగా ఉంటే గీత తిన్నగా ఉంటుంది. వెంట్రుకవాసి వంకర ఉన్నా గీత అక్కడ విరుగుతుంది. ఒకరోజు ములకలపల్లి రైతు ఒకాయన బల్ల మీద కూర్చుని, ఇంట్లో ఆమెకు పది రోజులుగా జ్వరం తగ్గడం లేదని, దవాఖానాకు తీసుకుపోతే సూది వేసి పంపారని చెప్పుకుంటున్నాడు. మేస్త్రీ అతని తుపాకీ గొట్టంలోంచి చూస్తూ అంతా విన్నట్టే విని, "మూడో అంగుళం కాడ" అన్నాడు. పాపం ఆ రైతు బిక్కమొహం వేశాడు. నేను నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను.

గొట్టం లోపలి గోడకు గాడి పక్కన గాడిగా మెలి తిరిగిన సన్నటి గాళ్లు ఉంటాయి. గుండు ఆ గాళ్లను పట్టుకుని బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తేనే తిన్నగా పోతుంది. ఆ గాళ్లను ఆయన చేత్తో లాగి కోసేవాడు, పన్నెండు గాళ్లు, ఒక్కో గాడికి ఎన్నిసార్లు లాగేవాడో లెక్కలేదు. ఒక గొట్టానికి నెల పట్టేది. గాళ్లు అయ్యాక ఒక గుండును సన్నటి కడ్డీతో లోపలికి నెట్టేవాడు, కళ్లు మూసుకుని, ఊపిరి కూడా బిగబట్టి. ఎక్కడ వదులో, ఎక్కడ బిగుతో వేలికి తెలియాలి. చివరి అంగుళంలో మాత్రం గుండు కొంచెం ఇరుకున పడి బయటికి రావాలి. అప్పుడు ఆయన మొహంలో చిన్న కదలిక కనబడేది. ఇక గొట్టం మూతి దగ్గర అంచు ఒక పక్క ఏమాత్రం అరిగినా గాలి అటు పక్క ముందు తప్పించుకుని గుండును తోసేస్తుంది. అందుకని గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూకు అరగదీసే పేస్టు పూసి, మూతి మీద పెట్టి, రోజంతా తిప్పుతూ కూర్చునేవాడు. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేత్తో తిప్పుతూనే ఉండడం నేను చూశాను.

భార్య మణుగూరులో తన తమ్ముడి దగ్గర ఉండేది. గొడవేమీ కాదట. ఇంట్లో ఒక మనిషి ఉన్న సంగతి ఆయనకు గుర్తుండదని చెప్పి వెళ్లిందట.

తుపాకీ కొలతకు ఆయన దగ్గర రెండు గింజలు ఉండేవి. పది మీటర్ల దూరంలో కాగితం పెట్టి అయిదు గుండ్లు కొట్టాలి. ఆ అయిదు చిల్లులూ చింతగింజ కింద దాక్కుంటే అది రైతు తుపాకీ, బాగుచేసిన పాతవి అంతకు వస్తే ఇచ్చేసేవాడు. శనగగింజ కింద దాక్కుంటే అది తుపాకీ. చిల్లులు శనగగింజ కింద దాగిన గొట్టం అప్పటిదాకా ఆయన జీవితంలో ఒక్కటి కూడా రాలేదు. వస్తుందనే ఆ అడవిలో కూర్చున్నాడు.

జాతరల్లో బెలూన్ల దుకాణం పెట్టే ఒకతను ఒకసారి వచ్చి, తన తుపాకుల గొట్టాలు కొంచెం వంచి పెట్టమన్నాడు. అందరూ కొట్టేస్తే నాకేం మిగులుతుందన్నాడు. మేస్త్రీకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "చెడగొట్టేటందుకు నా దాకా ఎందుకు? బండకేసి కొట్టుకోపో" అన్నాడు. 

తుపాకీ తెచ్చినవాళ్లు, నా గురే సరిగా లేదేమో మేస్త్రీ అని నసిగితే ఒప్పుకునేవాడు కాదు. తప్పు గొట్టానిది, మనిషిని అనద్దు అనేవాడు. నాకు మొదట అది పెద్ద మంచితనంలా అనిపించింది. కానీ ఆ మాట వెనక ఆయన లెక్క వేరే ఉంది. మనిషి చెయ్యి ఒకరోజు ఉన్నట్టు ఒకరోజు ఉండదు, కాబట్టి మనిషిని నమ్మి గొట్టాన్ని చూడకూడదు, మనిషిని పక్కకు పెట్టి చూడాలి. అందుకని టేకు మొద్దు ఒకటి భూమిలో పాతి, దాని మీద ఇనుప వైసు బిగించాడు. కొత్త గొట్టం ఎక్కించిన తుపాకీని ఆ వైసు దవడల మధ్య కదలకుండా బిగించి, దూరంగా నిలబడి దారంతో ట్రిగ్గరు లాగేవాడు. అయిదు గుండ్లు. కాగితం తెచ్చి గింజ పెట్టి చూసేవాడు. శనగగింజ దాటితే గొట్టం విప్పి, అదే వైసులో పెట్టి, ఇనుప రంపంతో రెండు ముక్కలుగా కోసేసేవాడు. చెడ్డ గొట్టం ఇంకొకరి చేతికి పోవద్దని.

నెల రోజుల పని. అయిదు నిమిషాల్లో కోత. షెడ్డు మూలలో ఆ ముక్కల కుప్ప ఉండేది.

నేను అప్పుడు టేకులపల్లి హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఇరవై మూడేళ్లు. మా నాన్న మామిడి తోటలో గాలి తుపాకీ పట్టుకుని పెరిగినదాన్ని, చిలక జోలికి పోకుండా కాయ తొడిమను కొట్టి కాయ రాల్చేదాన్ని. జిల్లా గురి పోటీల్లో నెగ్గి, హైదరాబాద్‌లో రాష్ట్ర పోటీలకు వెళ్లే అవకాశం వచ్చింది. తీరా చూస్తే నాన్న తుపాకీ గొట్టం అరిగిపోయి ఉంది. కొత్త గొట్టం కావాలని మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన గొట్టంలోంచి నన్ను చూసి, ఆరు నెలలు అన్నాడు.

ఆరు నెలలు అయ్యాయి. అయిదు గొట్టాలు చేశాడు, అయిదూ కోసేశాడు. ప్రతి ఆదివారం వెళ్లడం, నెలకోసారి చింతగింజ అంచు దాటి బయటపడ్డ చిల్లులు చూడడం, రంపం చప్పుడు వినడం. ఒక్కసారి నా చేతికి ఇవ్వండి, నేను కొట్టి చూస్తానంటే వినేవాడు కాదు. వైసు చెప్పనిదే ఎవరి చేతికీ ఇవ్వనని పట్టుదల. పోటీలు ఇంకో పది రోజులు ఉన్నాయనగా ఆరోది కూడా వైసులో చెదిరింది. ఆయన గొట్టం విప్పడానికి పాన అందుకున్నాడు. నాకిక ఓపిక చచ్చిపోయింది. నేను ముందే కోపిష్టిదాన్ని. వైసు వదులు చేసి తుపాకీ లాక్కున్నాను. ఆయన ఎన్నడూ లేనిది నా మొహం వైపు చూశాడు.

నిలబడి అయిదు కొట్టాను. కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన డబ్బాలోంచి శనగగింజ తీసి పెట్టాడు. చిల్లు కనబడలేదు.

గింజ తీసి మళ్లీ పెట్టాడు. తుపాకీని వైసులో బిగించి తనే కొట్టాడు. చెదిరిపోయాయి. మళ్లీ నాకిచ్చాడు. మళ్లీ ఒకటే చిల్లు. అట్లా నాలుగుసార్లు జరిగింది. అప్పుడు అడిగాడు.

"ఎట్ల పట్టుకున్నవ్ బిడ్డా?"

"పట్టుకోలేదు మేస్త్రీ. ఊరికే అరచేతి మీద ఆనించాను."

అది నా తెలివేమీ కాదు. నాన్న తుపాకీ ముందు కర్ర చీలి ఉండేది. గట్టిగా పట్టుకుంటే పేడు గుచ్చుకునేది. అందుకని చిన్నప్పటి నుంచీ ఎడమ అరచెయ్యి తెరిచి, దాని మీద తుపాకీని పడుకోబెట్టి కొట్టడమే నాకు అలవాటు. ఆయనకు అంత మాత్రం చాలింది. స్ప్రింగు వదిలినప్పుడు తుపాకీ ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి ఎగురుతుంది. గుండు అప్పటికి ఇంకా గొట్టంలోనే ఉంటుంది. ఎగరనిస్తే ప్రతిసారీ ఒకేలా ఎగురుతుంది. బిగించి పట్టుకుంటే ఆ పట్టు మీద తన్ని, ప్రతిసారీ ఒకో తీరుగా అదురుతుంది. ఆయన దాన్ని ఇనుప దవడల మధ్య బిగించి, ఎగరనివ్వకుండా, తప్పు గొట్టానిదన్నాడు.

పెద్ద సంతోషం పడతాడనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! ఆయన వెళ్లి మూలనున్న కుప్ప దగ్గర చతికిలబడ్డాడు. ఒక్కో ముక్క తీసి జత కలుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై రెండు జతలు అయ్యాయి. "వీటిల ఎన్ని మంచియో" అన్నాడు. నన్ను కాదు అడిగింది. టీ పెట్టి ఇచ్చాను. తాగలేదు.

హైదరాబాద్‌లో నాకు నాలుగో స్థానం వచ్చింది. ఫారిన్ గొట్టమా అని ఒకాయన అడిగితే టేకులపల్లి గొట్టమని చెప్పాను, ఎక్కడుందది అన్నాడు. తిరిగొచ్చాక మేస్త్రీ నా స్థానం సంగతి అడగనే లేదు. కాగితాలు అడిగి తీసుకుని, ఒక్క గుండు పక్కకు ఎందుకు పోయిందన్నాడు. ఊపిరి తప్పిందని చెప్పబోయాను. మూతి మల్ల చూడాలె, అట్ల పెట్టిపో అన్నాడు.

ఆ తర్వాత ఆయనకు ఒక చిక్కు వచ్చి పడింది. వైసు పనికిరాదని తేలింది. మనిషి కొట్టి చూడాలి. తను కొట్టి చూద్దామంటే చెయ్యి వదులు కాదు. పాతికేళ్లు లేతు పిడి బిగించి తిప్పిన చెయ్యి, తెరిచి ఉంచమంటే వేళ్లు వాటంతట అవే ముడుచుకునేవి. వారం రోజులు ప్రయత్నించి వదిలేశాడు. అందుకని ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం నేను వెళ్లి కొట్టేదాన్ని. శనగగింజ గొట్టాలు మొత్తం తొమ్మిది వచ్చాయి. కొట్టడం అయ్యాక కాసేపు కూర్చునేవాళ్లం. ఆయన మాట్లాడేవాడు కాదు, నేనే ఏదో వాగేదాన్ని. కానీ నేను లేచేసరికి, ఇంకొంచెం కూసో అన్నట్టు ఏదో ఒక గొట్టం చేతికిచ్చి ఇది చూడు అనేవాడు. చూడడానికి అందులో ఏమీ ఉండేది కాదు.

నాకు పెళ్లయింది, వైరాకు బదిలీ అయింది. వస్తూ ఉంటానన్నాను. నాలుగేళ్లు వెళ్లలేదు. నా తుపాకీని మా మరిది పావురాల కోసం తీసుకెళ్లి స్ప్రింగు విరగ్గొట్టి అటక మీద పడేశాడు. నేనూ అడగలేదు. పిల్ల, వంట, బడిలో విజిలు. ఇక తుపాకీ ఎక్కడ?

నాలుగేళ్ల తర్వాత బడుల ఆటల పోటీలకు ఆడపిల్లల ఖోఖో జట్టును తీసుకుని టేకులపల్లి వెళ్లాను. మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ దొరికితే షెడ్డుకు నడిచి వెళ్లాను. మేస్త్రీ బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి నిచ్చెన వేసుకుని దూలం మీంచి ఒక మూట దించాడు. నూనె గుడ్డల్లో చుట్టిన గొట్టాలు, ఎనిమిది. రైతులు వచ్చి అడిగినా ఇవ్వలేదట.

"నువ్వు కొట్టి చూసినంకనే అని ఆపిన" అన్నాడు.

తన తుపాకీకి మొదటి గొట్టం ఎక్కించి ఇచ్చాడు. అరచెయ్యి తెరిచాను. అన్నీ అప్పటిలాగే చేశాననుకున్నాను. కొట్టే క్షణంలో నా బొటనవేలు కర్రను పట్టేసుకుంది, నాకు తెలుస్తూనే ఉంది. అయిదు చిల్లులూ చింతగింజను కూడా దాటాయి. ఆయన కాగితం చూశాడు, నన్ను చూడలేదు. ఇది పాయె అని గొట్టం విప్పి వైసులో పెట్టాడు. కదలకుండా కొస పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. కోశాడు.

నోరు విప్పలేదు నేను. ఎందుకు విప్పలేదో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. వైరాలో నేను ఫలానావారి భార్యను, విజిలు ఊదే టీచర్ని. నా చేతిలో తప్పు ఉండదని నమ్మే మనిషి ఈ భూమ్మీద ఆయన ఒక్కడే. ఆ నమ్మకం ఇంకొక్క గంట ఉండనివ్వాలనిపించింది. పైగా వచ్చే గొట్టానికి చెయ్యి కుదురుతుందిలే, అప్పుడు ఇదంతా సర్దుకుంటుందిలే అని ఆశ. రెండోది చెదిరింది. కోశాడు. మూడోది కోశాడు. నాలుగోదాని కొస పట్టుకున్నప్పుడు రంపం వేడి నా వేళ్ల దాకా వచ్చింది.

అయిదోది ఎక్కిస్తుంటే చెప్పేశాను.

"తప్పు నా చేతిది మేస్త్రీ. మొదటిదానికే తెలిసింది."

ఆయన చేతిలో పని ఆగింది. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. వచ్చి నా ఎడమ చెయ్యి తీసుకుని, తిప్పి, బొటనవేలి కింద ఒత్తి చూశాడు. ఎన్ని ఆదివారాలు వెళ్లినా ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. కింద పడ్డ ఎనిమిది ముక్కల వైపు కాసేపు చూసి, వాటిని కాలితో పక్కకు జరిపాడు.

"చెయ్యి మల్ల వస్తది. ఆదివారం రా బిడ్డా. ఈ నాలుగు కొయ్యను, ఆపుత" అన్నాడు.

వస్తానన్నాను.

ఆ ఆదివారం పిల్లకు జ్వరం లేదు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. కొత్తగూడెం బస్సు టైముకే వచ్చింది, స్టాండులో నిలబడి చూశాను, ఎక్కలేదు. నాలుగు మంచి గొట్టాలు నా గొప్ప కోసం కోయించాక ఆయన ఎదుట ఏ మొహంతో కూర్చోను? తర్వాతి ఆదివారం కూడా వెళ్లలేదు. ఆ తర్వాత ఆదివారాలు లెక్కపెట్టడం మానేశాను. మిగిలిన నాలుగింటిలో ఏది మంచిదో ఆయనకు చెప్పడానికి ఇంకెవరూ లేరు. అది నాకు తెలుసు. తెలిసే వెళ్లలేదు.